చిన్న పోటీలు, పెద్ద పోటీలు

సంక్రాంతికి అరిసెలు వండునప్పుడు మనమందరమును తప్పక చేయు పని యొకటి కలదు. బెల్లము కరగి పొంగి పాకమునకు వచ్చుచుండగా, ఒక గిన్నెలో చన్నీళ్లు పోసి, గరిటెతో ఒక చుక్క పాకమును ఆ నీళ్లలో విడిచి, వ్రేళ్లతో చేర్చి చూతుము. ఉండకట్టినచో పిండి కలుపుదుము. చెదరినచో మరికొంతసేపు పొయ్యిమీద నుంచుదుము. చెదరిన చుక్కను చూచి దానిమీద కోపించిన యిల్లాలిని మేమింతవరకు చూడలేదు. ఆ చుక్క ముందుగా చెప్పకపోయినచో పళ్లెమెడు పిండియు పాడైపోవును గదా.

ఇంత తెలిసిన మనమే పిల్లల విషయము వచ్చుసరికి ఆ తెలివిని పొయ్యి దగ్గరనే విడిచి వత్తుము. ఈ నెల మేము చెప్పదలచినది దానిని గూర్చియే. అయితే ఈ సంగతి మాకు తెలిసివచ్చినది వంటయింటిలో గాదు. ఫుట్‌బాలు ఆట మూలమున. నవ్వకుడు. కడవరకు చదివిన పిమ్మట నవ్వవచ్చును.

2024 సెప్టెంబరు 9వ తేది, వినాయకచవితి వెళ్లిన మూడవనాడు. పూజలో పెట్టిన పిల్లల పుస్తకములను తీసి, స్వామిని నిమజ్జనమునకు సాగనంపితిమి. పదవతరగతి చదువుచున్న మా అమ్మాయి లెక్కల పుస్తకమును దులుపుచుండగా నాలుగు మడతలు పెట్టిన కాగితమొకటి క్రింద పడినది. విప్పి చూడగా బడిలో పెట్టిన చిన్న పరీక్షకు సంబంధించిన జవాబుపత్రము. ఏబదికి పదునాలుగు మార్కులు. అది చేతికి వచ్చి పది దినములు దాటినది. బడిపంతులు ఇంట, బడిపంతులు కూతురు, దేవుని పీటమీద కాగితమును దాచినది!

మేమన్న మాటలను ఇచ్చట వ్రాయము. మా అత్తగారు తులసికోట దగ్గర నుండి లేచి వచ్చి "చాలునమ్మా" అనువరకు మా నోరు ఆగలేదు. పిల్ల ఒక్క మాటయు పలుకక, తండ్రి కూర్చున్న మంచము చివర పోయి కూర్చున్నది.

మావారు ఆ సమయమున చేతిఫోనులో ఫుట్‌బాలు ఆట చూచుచుండిరి. హైదరాబాదు గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాప్రాంగణమున మన దేశపు జట్టు సిరియా దేశపు జట్టుతో ఆడుచుండెను. మారిషస్ దేశముతో గలిపి మూడు దేశముల పోటీ అది. 3వ తేదిని మారిషస్‌తో ఆడిన ఆటలో ఇరువురిలో నెవ్వరికిని గోలు రాలేదు. ఈ రాత్రి సిరియావారు 3-0 గోలులతో గెలిచి పోయిరి. మేము ఉడుకుమోతుతనముతో "మీ జట్టుగూడ మీ కూతురివలెనే యున్నది" అంటిమి.

మావారు తొణకలేదు. "ఇది పెద్ద పోటీ కాదు. ఆసియా ఖండపు పెద్ద పోటీకి ముందు బలాబలములు తెలిసికొనుటకు ఆడు సన్నాహపు పోటీ. క్రొత్త శిక్షకుడు వచ్చినాడు. ఎవరు ఎక్కడ పనికివత్తురో చూచుకొనుచున్నాడు" అనిరి.

అంతవరకు తలవంచుకొని యున్న పిల్ల మెల్లగా నిట్లనినది: "నాన్నగారూ, మాది గూడ పెద్ద పరీక్ష కాదు గదా? పబ్లిక్ పరీక్ష మార్చిలో. మరి అమ్మ ఇప్పుడే యేల ఇంత కోపించినది?"

మాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి నిద్రయు పట్టలేదు. మరునాటి నుండి కొన్ని సాయంకాలములు, వంటపని ముగిసిన పిమ్మట, ఈ సన్నాహపు పోటీల సంగతిని మావారినడిగి తెలిసికొంటిమి. ఆ పిమ్మట ఏడాదిలో జరిగిన వానిని మేమే పత్రికలలో చదివితిమి. అందులో మనకు పనికివచ్చునది చాల గలదు.

ఫుట్‌బాలులో ప్రపంచపు పోటీ నాలుగేండ్ల కొకసారి వచ్చును. ఆసియా ఖండపు పోటీయు దాదాపు అంతే. అందు ఓడినవారు మరల నాలుగేండ్లు కాచుకొని యుండవలసినదే. ఒక దేశపు జట్టులోనివారేమో ఏడాది పొడవున వేర్వేరు సంఘముల పక్షమున ఆడుచుందురు. ఒకరు కోల్‌కతాలో, ఒకరు గోవాలో, ఒకరు బెంగుళూరులో. అందరును కలిసి యుండునవి కొలది దినములే. పెండ్లికి నలుదిక్కుల నుండి వచ్చిన తోడికోడండ్రను తలచుకొనుడు. ప్రతియొక్కరును తమ యింట మంచి వంటకత్తెయే. కాని ఎవరు అన్నము వార్చవలెనో, ఎవరు చారు పెట్టవలెనో, ఎవరి చేతి ఉప్పు ఎంతో ముందుగా తెలిసికొనక పెండ్లినాడే అందరును గరిటె పట్టినచో విందు ఏమగును? అందుచేతనే పెద్ద పోటీకి ముందు మూడు నాలుగు దేశములు చేరి ఒక చిన్న పోటీని ఏర్పరచుకొందురు. ఒక కప్పు పెట్టుదురు. జనమును పిలుతురు. కాని లోపలి ప్రయోజనము పాకమును చూచుకొనుటయే.

మన దేశమువారు 2018లో ముంబయిలో ఇట్టి పోటీనొకదానిని ఆరంభించిరి. మొదటి ఆటలో తైవాన్ జట్టును 5-0 గోలులతో ఓడించినను, చూడవచ్చినవారు రెండున్నరవేలే. జట్టు నాయకుడు సునీల్ ఛెత్రి "మమ్ము తిట్టుటకైనను రండు" అను భావముతో ప్రజలను వేడుకొనగా తరువాతి ఆటకు ప్రాంగణము నిండిపోయెను. ఆ కప్పును మనవారే గెలిచిరి. మరుసటి జనవరిలో ఆసియా పోటీ మొదటి ఆటలో థాయిలాండును 4-1 గోలులతో ఓడించిరి. ఆ మీద రెండాటలు ఓడి వెనుదిరిగిరి.

2023 జూనులో భువనేశ్వరమున జరిగిన పోటీ మరింత చిత్రమైనది. మంగోలియా, వనువాటు, లెబనాన్ జట్లు వచ్చెను. పోటీ మొత్తముమీద మనవారి వలలో ఒక్క గోలైనను పడలేదు. కప్పు మనకే వచ్చెను. దేశమంతయు సంతోషించెను. ఏడు నెలలు గడచి 2024 జనవరిలో కతార్‌లో ఆసియా పోటీ జరిగినప్పుడు ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్థాన్, సిరియా మూడు జట్ల చేతిలోను మనవారు ఓడిరి. ఆరు గోలులు పడెను. మనవారు వేసినది ఒక్కటియు లేదు.

దీనిని విన్నప్పుడు మా గుండెలో ముల్లు గ్రుచ్చుకొన్నట్లయినది. ఏలయన, అంతకు ముందు జులైలో మా అమ్మాయికి తొలిపరీక్షలో తక్కువ మార్కులు వచ్చినప్పుడును మేము ఇట్లే కేకలు వేసితిమి. అది మొదలు పిల్ల ప్రతి సాయంకాలము పది లెక్కలు చేసి తెచ్చి చూపుచుండెను. పదియు సరియైనవే. మేము మురిసి మిఠాయి పెట్టితిమి. ఆ లెక్కలన్నియు ఆమెకు ముందే వచ్చినవని మేమెరుగము. రానివాని జోలికి ఆమె పోవుటయే మానినది. గెలుపు చూపినచో అమ్మ నవ్వునని తెలిసిన పిల్ల తేలిక జట్లనే పిలిచి ఆడుచుండెను! ఆ అలవాటు నేర్పినది మేమే. చివరకు కాగితమును దాచుటయు మా కోపము నేర్పిన విద్యయే.

అయితే ఓటమి యొక్కటియే మేలు చేయునా? అదియు లేదు. హైదరాబాదులో ఓడిన తరువాతనైనను మన పురుషుల జట్టు నిలద్రొక్కుకొనలేదు. 2025లో జులై నెలలో ఆ శిక్షకుడు పదవి విడిచెను. ఖాలిద్ జమీల్ అను మన దేశీయుడు వచ్చెను. ఆ సెప్టెంబరులో తజికిస్థాన్ దేశమునకు పోయి మధ్యాసియా దేశముల పోటీలో ఒమన్ జట్టును పెనాల్టీలలో గెలిచి మూడవస్థానము సంపాదించిరి. అందరును మెచ్చుకొనిరి. ఒక నెల దాటగానే, అక్టోబరు 14న గోవాలో సింగపూరు చేతిలో 2-1 గోలులతో ఓడి, 2027 ఆసియా పోటీకి అర్హతనే పోగొట్టుకొనిరి. చిన్న పోటీలో గెలిచినను, ఓడినను, అందులో కనబడిన లోపమును దిద్దుకొననిచో ఫలము సున్నయే.

దిద్దుకొన్నవారి కథ యొకటి వినుడు. 1998లో ప్రపంచపు పోటీ ఫ్రాన్సు దేశమున జరుగవలసి యుండెను. ఆతిథ్యమిచ్చు దేశమునకు అర్హతపోటీలు లేవు. కనుక గట్టి పోటీ దొరుకక జట్టు మొద్దుబారును. ఆ భయముచేత వారు ముందటి ఏడాది, 1997 జూనులో, బ్రెజిలు, ఇటలీ, ఇంగ్లండు జట్లను పిలిచి ఒక చిన్న పోటీని నడపిరి. పిలిచినది తేలికజట్లను గాదు, మేటిజట్లను. ఇంటివారు మూడాటలలో ఒక్కటియైనను గెలువలేదు. కప్పును ఇంగ్లండువారు పట్టుకొనిపోయిరి. ఫ్రాన్సు శిక్షకుడైన ఎమే జాకేను ఆ దేశపు పత్రికలు తీవ్రముగా విమర్శించెను. ఆయన చలింపక తన జట్టును కూర్చుకొనుచు పోయెను. మరుసటి ఏడు జులై 12న అదే ఫ్రాన్సు, బ్రెజిలును 3-0 గోలులతో ఓడించి ప్రపంచవిజేత యయ్యెను. చిన్న కప్పు గెలిచిన ఇంగ్లండువారు పెద్ద పోటీలో మధ్యలోనే ఇంటికి పోయిరి.

అంతదూరము పోనేల? మన తెలుగునేలనే ఇట్టి గురువొకరు వెలసిరి. 2024లో వచ్చిన 'మైదాన్' అను హిందీ చిత్రమును మీలో కొందరు చూచియుందురు. హైదరాబాదువారైన సయ్యద్ అబ్దుల్ రహీముగారి కథ అది. ఆయన మొదట బడిపంతులు. ఈ మాట విన్నప్పుడు మావారి ముఖము ఎంత వికసించినదో చెప్పలేము! హైదరాబాదు నగర పోలీసుజట్టును తీర్చి, 1950 మొదలు దేశపు జట్టునకు శిక్షకులైరి. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను మన జట్టు ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచినది వారి చేతి చలువచేతనే. ఆయన కుర్రవాండ్రకు చిన్న చిన్న వింతపోటీలు పెట్టెడివారట. అందొకటి, బలములేని కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమము. కుడికాలివాటపు పిల్లవాడు ఆ పోటీలో ఎడమకాలితోనే యాడవలెను. తొట్రుపడును, పడును, ఓడును. ఎవ్వరును నిందింపరు, పోటీ పెట్టినదే అందుకు గదా. జకార్తాలో మన జట్టు మొట్టమొదటి యాటలో దక్షిణ కొరియా చేతిలో 2-0 గోలులతో ఓడెను. ఆ కొరియానే చివరి యాటలో 2-1 గోలులతో గెలిచెను. మరుసటి ఏడు జూనులో, పుండువ్యాధితో, రహీముగారు కన్నుమూసిరి.

ఆడపిల్లల ముచ్చటను విడిచినచో మీరు మమ్ము క్షమింపరు. 2024 ఫిబ్రవరిలో మన స్త్రీల జట్టు తుర్కీ దేశమున ఇట్టి సన్నాహపు పోటీకి పోయెను. ఎస్తోనియాను 4-3 గోలులతోను, హాంకాంగును 2-0 గోలులతోను గెలిచి, కొసొవో చేతిలో ఒక్క గోలుతో ఓడి, రెండవస్థానమున నిలిచెను. హాంకాంగుపై ఒక గోలు వేసినది మన తెలుగుబిడ్డ, నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య. మరుసటి ఏడు ఫిబ్రవరిలో షార్జాలో మరియొక పోటీ. జోర్డానును గెలిచిరి. రష్యా చేతిలోను దక్షిణ కొరియా చేతిలోను ఓడిరి. బలవంతుల నెదిరించి ఓడిన ఆ ఫిబ్రవరి వ్యర్థము కాలేదు. అయిదు నెలలలోపల థాయిలాండు దేశపు చియాంగ్ మాయి పట్టణమున, ఆ దేశపు జట్టునే వారి జనము నడుమ 2-1 గోలులతో ఓడించి, ఆసియా పోటీకి అర్హత సంపాదించిరి. అర్హతపోటీల ద్వారా అచ్చటికి చేరుట మన స్త్రీల జట్టునకు అదియే మొదటిసారి. ఆ జట్టులోను సౌమ్య యుండెను.

ఇవన్నియు వినుచుండగా మాకు చిన్ననాట మా తండ్రిగారు చదివించిన విరాటపర్వము మనసున మెదలినది. 2022 వరకు మా తడ నెల్లూరు జిల్లాలోనిదే కనుక తిక్కన సోమయాజి మాకు ఇంటి పెద్దవంటివాడు. ఉత్తర గోగ్రహణమున ఏమి జరిగెను? భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, కృపుడు, అశ్వత్థామ, ఇందరును కూడిన కౌరవసేన ఒక్క అర్జునునికి ఓడిపోయెను. కురుక్షేత్రమునకు ముందు వచ్చిన సన్నాహపు పోటీ అది గాక మరేమి? ప్రాణములు దక్కినవి, తమ బలమెంతో ఎదుటివాని బలమెంతో తేటపడినది. ఇంతకంటె చవుకగా దొరకిన పాఠము లోకమున మరొకటి లేదు. పెద్దలు ఆ ఓటమిని పిదప గుర్తుచేసినను దుర్యోధనుడు చెవినిబెట్టలేదు. ఓటమిని అవమానముగా దాచుకొన్నాడే గాని కాగితము విప్పి తప్పెక్కడనో చూచుకొనలేదు. పదునెనిమిది దినములలో వంశము నశించెను.

మా పొరుగుననే దీనికి మారుకథ కలదు. మా మేడమీద నిలిచిన శ్రీహరికోట నుండి లేచు రాకెట్ల వెలుగు కనబడును. 1979 ఆగస్టు 10న అచ్చట ఎగురవేసిన మన మొదటి ఉపగ్రహవాహనము సముద్రమున పడిపోయెను. వారు దుర్యోధనునివలె ముఖము చాటుచేయక, లోపమును వెదకి దిద్ది, మరుసటి ఏడు జులై 18న రోహిణిని ఆకాశమున నిలిపిరి.

ఇక మా యింటి మాట. మరుసటి ఆదివారము మేము పిల్లను పిలిచి "అమ్మడూ, తప్పు మాది" అంటిమి. కన్నబిడ్డతో ఆ మాట అనుట ఎంత కష్టమో అన్నవారికే తెలియును. ఆ నాటి నుండి ఇంట ఒక కట్టుబాటు చేసికొంటిమి. బడి నుండి ఏ చిన్న పరీక్ష కాగితము వచ్చినను, మొదట మార్కులున్న మూలను వెనుకకు మడచి, తప్పులను మాత్రమే చూడవలెను. తప్పిన లెక్కను మరల చేసినపిమ్మటనే మడత విప్పవలెను. ఆదివారములందు రాని లెక్కలు తప్ప వచ్చినవి చేయరాదు. రహీముగారి కథ విన్న పిల్ల దానికి "ఎడమకాలి ఆదివారము" అని పేరుపెట్టినది. కొన్ని ఆదివారములు కన్నీళ్లతోనే గడచినవి. మా నోరు రెండుమూడుమారులు కట్టుదప్పినది గూడ, దాచనేల? కాని కాగితము మరల దేవుని పీట ఎక్కలేదు.

2025 మార్చి పరీక్షలో ఆమెకు లెక్కలలో నూటికి డెబ్బదిరెండు వచ్చెను. రేఖాగణితము నేటికిని ఎడమకాలే. అంతకంటె గొప్ప ఫలితము చెప్పి మిమ్ము మభ్యపెట్టము.

చివరి ముచ్చట యొకటి. గడచిన కార్తికమాసమున మమ్ము ఒక స్త్రీల సభలో విరాటపర్వమును గూర్చి మాటాడుమని పిలిచిరి. సభ యెక్కుట మాకు మొదటిసారి. ముందురోజు రాత్రి పిల్లను ఎదుట కూర్చుండబెట్టి ఉపన్యాసమంతయు చెప్పి చూపితిమి. ఆమె గడియారము చూచి "అమ్మా, నీవు గోగ్రహణమునకు వచ్చుసరికి నలువది నిమిషములైనవి. అప్పటికి సభలో నాయనమ్మ యొక్కతియే మిగులును" అనినది. మాకు ఒడలు మండినది. పెద్దవారిని తప్పుపట్టుదువా అను మాట నాలుక చివర వరకు వచ్చినది. అంతలో ఆమె లేచి, మా చేతిలోని కాగితపు మూలను మెల్లగా వెనుకకు మడచినది.

నవ్వువచ్చినది. ఆ రాత్రి పదిగంటలవరకు కూర్చుండి ముప్పది నిమిషములు కోసివేసితిమి. మరునాడు సభలో కడవరకు అందరును కూర్చుండిరి.

సోదరీమణులారా! రాబోవు సంక్రాంతికి పాకము చూచునప్పుడు ఒక్క నిమిషము మీ బిడ్డల చిన్న పరీక్షలను తలచుకొనుడు. చుక్క చెదరినచో కోపింపకుడు. మంట సరిచేసి, మరికొంతసేపు కలుపుడు.